సీలు లేని నీళ్ళు

22 ఏప్రిల్ 2025, మంగళవారం

ముందుగా క్షమాపణ. ఈ పేజీలు భూగోళాన్ని కాపాడబోతున్నాయి. ఇన్నాళ్ళూ దాన్ని కాపాడకుండా జగ్గయ్యపేటలో టీ తాగుతూ కూర్చున్నందుకు ఓజోను పొరకు, ఉత్తర ధ్రువంలో కరుగుతున్న మంచుకు, ఆ మంచు మీద నిలబడి నా కోసం ఎదురుచూస్తున్న తెల్ల ఎలుగుబంట్లకు శిరస్సు వంచి మన్నింపు వేడుకుంటున్నాను. బీఎస్సీ కెమిస్ట్రీ చదివి కూడా మౌనంగా ఉండడం మహాపరాధం. ఈ డైరీ కోసం ప్రాణాలర్పించిన చెట్టుకు విడిగా మరో క్షమాపణ.

ఇక మౌనంగా ఉండను. ఈ రోజు నుంచి నేను ఎబినేజరు సప్లయర్స్‌కు సస్టైనబిలిటీ హెడ్‌ని. నియామకం నేనే చేసుకున్నాను. మా స్తెఫను మావయ్య షాపు ఇది. షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు, స్టేజీ, నీళ్ళ బాటిళ్ళు, పెళ్ళికి ఏం కావాలన్నా ఇక్కడ దొరుకుతాయి. పెళ్ళయ్యాక మిగిలే చెత్తను ఏం చేయాలన్న ప్రశ్నకు మాత్రం ఇక్కడ జవాబు దొరకదు. ఆ జవాబే నేను.

మావయ్యకు విషయం తెలియజేశాను.

"సస్టైన... అంటే ఏంట్రా?"

"నిలకడ, మావయ్యా."

మావయ్య నన్ను పై నుంచి కిందికి, మళ్ళీ కింది నుంచి పైకి చూశాడు.

"హైదరాబాదులో ఉద్యోగం మానేసావు. విజయవాడలో ఇంకోటి మానేసావు. నీకు నిలకడ శాఖా? దేవమణీ, విన్నావా? మన బెన్ని నిలకడకి హెడ్డంట!"

అత్తయ్య లోపల నుంచే అంది, "ముందు ఆ కుర్చీలు నిలకడగా పేర్చమనండి. నిన్న వాడు పేర్చినయ్ పొద్దున్నే కూలినయ్."

మహనీయులకు సొంత ఇంట్లో ఆదరణ ఉండదు. రాసి పెట్టుకుంటున్నాను.

24 ఏప్రిల్, గురువారం

చరిత్ర మా షాపు మెట్లెక్కింది. దాని పేరు ఉషశ్రీ.

నందిగామ సుబ్బరాయుడు గారి మనవరాలు. పెద్ద కమతం, పెద్ద ఇల్లు, పెద్ద బంధుబలగం. వాళ్ళ అక్క పెళ్ళికి సామాను మేమే ఇచ్చాం. ఇప్పుడు ఈమె పెళ్ళి వచ్చే నెల పద్దెనిమిదిన. తాతగారిని వెంటబెట్టుకుని వచ్చింది. నిజానికి తాతగారే ఆమె వెంట వచ్చినట్టున్నారు.

"స్తెఫను గారూ, నా పెళ్ళిలో ఫ్లెక్సీ వద్దు. థర్మోకోల్ వద్దు. నీళ్ళ బాటిళ్ళు అసలే వద్దు."

"మరి నీళ్ళెట్టా తాగుతారే? దోసిళ్ళు పడతారా?" అన్నారు సుబ్బరాయుడు గారు.

"స్టీలు గ్లాసులున్నయ్ కదా తాతయ్యా."

"ఆకు పక్కన బాటిల్ కనపడకపోతే, సుబ్బరాయుడు పనైపోయింది, చివరికి నీళ్ళు కూడా కొనలేకపోయాడు అంటారు. మర్యాద ఉండొద్దూ?"

"అక్క పెళ్ళి బాటిళ్ళు మన చేను గట్టు కింద పోయించారు చూడండి, అవి ఇంకా అట్టానే ఉన్నయ్. అక్కకి కొడుకు పుట్టి, వాడు బడికి కూడా పోతన్నాడు. ఆ బాటిళ్ళు మాత్రం కొత్త పెళ్ళికూతుళ్ళ మాదిరి మెరుస్తన్నయ్."

పెద్దాయన కండువాతో మొహం తుడుచుకున్నారు. ఆ సందులోకి నేను దూకాను.

"మీరు నిశ్చింతగా ఉండండి సార్. గ్రీన్ వెడ్డింగ్‌లకి మా దగ్గర ప్రత్యేక శాఖ ఉంది."

మావయ్య ఆ శాఖ ఎక్కడుందోనని షాపంతా కలియజూశాడు. ఆర్డరు మాత్రం ఖాయమైంది.

29 ఏప్రిల్, మంగళవారం

మావయ్య విజయవాడ వెళ్ళి వ్యాను నిండా సామాను తెచ్చాడు. ఆకుపచ్చ కార్పెట్. ఆకుపచ్చ పరదాలు. ఆకుపచ్చ ప్లాస్టిక్ తీగలు, వాటికి ఆకుపచ్చ ప్లాస్టిక్ కాయలు. అరిటాకు బొమ్మ అచ్చేసిన ఆకుపచ్చ కాగితపు విస్తళ్ళు.

"గ్రీన్ అన్నావుగా!" ఆయన మొహంలో అంత వెలుగు ఈ మధ్య చూడలేదు.

ఒక విస్తరి తీసి గోటితో గీకాను. పలచని ప్లాస్టిక్ పొర ఊడి వచ్చింది. కెమిస్ట్రీ చదువు ఇన్నాళ్ళకు పనికొచ్చింది. మావయ్య ఆ పొరను చూశాడు, నా గోరును చూశాడు.

"అరిటాకు బొమ్మ ఎందుకేసార్రా మరి, ఈ దొంగ సచ్చినోళ్ళు?"

30 ఏప్రిల్

మావయ్య నాతో మాట్లాడడం లేదు. మధ్యాహ్నం ఆకుపచ్చ కార్పెట్ మీద పడుకున్నాను. మెత్తగా ఉంది.

3 మే, శనివారం

సంధి కుదిరింది. కార్పెట్ తప్ప మిగతావి వెనక్కి పంపేశాం. మావయ్యకు విషయం ఎక్కడం మొదలైంది. నిజం చెప్పాలంటే ఆయనకు ఎక్కినంత తొందరగా నాకు కూడా ఎక్కలేదు.

"అద్దెకిచ్చిన వస్తువు తిరిగొస్తది. అమ్మిన వస్తువు చెత్తయిపోద్ది. మనది అద్దె షాపు. మరి ఈ పారేసే సామాను మనకెందుకు అంటుకుంది రా?" అన్నాడు టీ తాగుతూ, తనలో తనే. ఈ వాక్యం నేను చెప్పినట్టుగా ఎక్కడైనా వాడుకోవాలి.

అరిటాకులు ఏటి పక్క తోటల నుంచి. స్టేజీకి బంతిపూలు, కొబ్బరాకులు, పాత జరీ చీరలు. స్వాగతం బోర్డు గుడ్డ మీద రంగులతో పెయింటరు దేవరాజ్ రాస్తాడు. ఫ్లెక్సీలు వచ్చాక అతని కుంచె గేట్లకు, లారీలకు పరిమితమైంది. "పేర్లు రాసి ఎన్నాళ్ళయిందో, ముందు నా పేరు రాసి చూసుకోనియ్యి" అన్నాడు.

ఒక్కరికే కోపం వచ్చింది. పెళ్ళికూతురి బాబాయి భవానీప్రసాద్ గారు. హైవే పక్కన తన ఫొటోతో ఒక ఫ్లెక్సీ వేయించాలని ఆయన ఎప్పటి నుంచో అనుకుంటున్నారట. కొలతలు విన్నాను. పరిటాల హనుమంతుడి భారీ విగ్రహం పక్కన నిలబెడితే స్వామి కొంచెం సర్దుకుని జరగాల్సి వచ్చేది. ఉషశ్రీ గారు వద్దన్నారు. ఆయన అప్పటి నుంచి ఫోనులో నన్ను "ఆ గ్రీన్ కుర్రాడు" అంటున్నారు. బిరుదుగా స్వీకరించాను.

6 మే, మంగళవారం

ఈ రోజుది జాగ్రత్తగా రాయాలి.

అన్నిటికీ సరేనన్న మావయ్య బాటిళ్ళ దగ్గర ఆగిపోయాడు. ఆకుల పక్కన బాటిళ్ళు ఉండాల్సిందేనంటాడు. ఆర్డరిచ్చిన మనిషే వద్దంటుంటే ఈయన పట్టు ఏమిటి? గోడౌన్‌లో స్టీలు గ్లాసుల గోతాలు విప్పుతూ ఒక ఉపన్యాసం ఇచ్చాను. సముద్రాలు, తాబేళ్ళు, నూరేళ్ళు కరగని ప్లాస్టిక్. మావయ్య అంతా విని ఒక గోతాం మీద కూర్చున్నాడు.

"నేను షామియానా గుంజలు పాతే పనికి పోయేవాణ్ణి, నీ కన్నా చిన్నోణ్ణి. ఎండాకాలం. ఒక పెళ్ళిలో నీళ్ళ డ్రమ్ములో చెంబు ముంచబొయ్యా. ఒకాయన వచ్చి, 'ఆగు నాయనా, నువ్వు ముట్టుకోవద్దు, ఇంకొకళ్ళు పోస్తార్లే' అన్నాడు. కొట్టలా, తిట్టలా. నాయనా అన్నాడు. ఎంతో మంచిగా చెప్పాడు."

నేను విప్పుతున్న గోతాం వదిలేశాను.

"తర్వాత బాటిళ్ళొచ్చినయ్. మూతకి సీలు. ఎవడు మోసినా, ఎవడు అందించినా సీలుంటే చాలు. ఎవరి చెయ్యని ఇంకెవరూ అడగలా. అట్టా ఎదిగింది రా ఈ షాపు. ఇప్పుడు ఆ సీలు తీసేసి, మన చేత్తో కడిగిన గ్లాసు వాళ్ళ నోటికి పెట్టమంటన్నావు. భోజనాల బంతిలో ఎవడో ఒకడు ఎవరు కడిగారని అడుగుతాడు. అప్పుడు నేనేం చెప్పాలి?"

అప్పుడు వేయాల్సిన జోకు ఒకటి ఉండి ఉంటుంది. నాకు తట్టలేదు. ఇప్పుడు రాస్తున్నప్పుడు కూడా తట్టలేదు.

ఎండ బాగా ఉంది.

7 మే

కుర్చీలు పేర్చాను. కూలలేదు.

9 మే, శుక్రవారం

దేవమణి అత్తయ్య తీర్పు చెప్పింది. అన్నం పెడుతూ చెప్పింది కాబట్టి ఎవరూ లేచిపోలేకపోయారు.

"ఆయన భయం ఆయనది, కాదనను. నాకు మాత్రం వేరే ఉంది. ఎవరు కడిగారని వాళ్ళు అడగాలి, నేనే అని నేను చెప్పాలి. నాకు ఎప్పటి నుంచో చెప్పాలని ఉంది."

"వాళ్ళు తాగకపోతే?" అన్నాడు మావయ్య.

"దాహం వాళ్ళది. మనకేంటి?"

మావయ్య కలిపిన ముద్దే మళ్ళీ కలిపాడు. చివరికి ఒప్పందం కుదిరింది. గ్లాసులు పెడతాం. కానీ హాలు వెనక వ్యానులో బాటిళ్ళ కేసులు సిద్ధంగా ఉంటాయి. వ్యాను నడిపే రత్నబాబు అక్కడే ఉంటాడు. బంతిలో ఎవరైనా గ్లాసు ముట్టుకోనన్న మరుక్షణం మావయ్య తువ్వాలు ఎత్తుతాడు, బాటిళ్ళు దిగుతాయి.

"దిగినయ్యంటే ఇక అంతే బెన్నీ. గ్లాసులు మళ్ళీ గోతాల్లోకి. ఇంకే పెళ్ళిలోనూ ఈ మాట ఎత్తొద్దు. ఆ వయసులో పడ్డది చాలు, ఈ వయసులో మళ్ళీ పడలేను."

సరే అన్నాను. ఇంతవరకు ఎలుగుబంట్ల కోసమే కంగారు పడ్డాను.

13 మే, మంగళవారం

వడ్డన జట్టుకు శిక్షణా తరగతి. మూల సూత్రం ఒకటే: అడగకముందే పోయాలి, గ్లాసు ఖాళీగా కనపడకూడదు. బాటిల్ ఇచ్చే మర్యాద కంటే మనిషి వచ్చి పోసే మర్యాద పెద్దదని జనం అనుకోవాలి. జగ్గు ఎలా పట్టుకోవాలో నేనే చేసి చూపించాను. నీళ్ళు కుర్రాళ్ళ బట్టల మీద పడ్డాయి. "ఇట్టా పట్టుకోకూడదన్నమాట" అని గ్రహించారు. బోధన సఫలం.

ఆదివారం ఆరాధనకు రాలేమని పాస్టరుగారికి చెప్పడానికి నేను మాటలు వెతుక్కుంటుంటే అత్తయ్య సూటిగా చెప్పేసింది, "గ్లాసులు కడగడం కూడా పరిచర్యేనండి." ఆయన ప్రార్థన చేసి పంపారు. గ్లాసుల పేరున ప్రార్థన జరగడం మా సంఘంలో ఇదే మొదటిసారి.

17 మే, శనివారం

గ్లాసులు నందిగామ చేరాయి. దారిపొడవునా సిమెంటు లారీలు మాకు తోడొచ్చాయి. మూతగా కప్పిన తెల్ల దుప్పటి బూడిదరంగు కండువాలా దిగింది. అన్నీ మళ్ళీ కడగాలి. అత్తయ్య నా వైపు చూసింది. నాకు దేవరాజ్ బోర్డు పని గుర్తొచ్చింది.

18 మే, ఆదివారం, సాయంత్రం

అయింది. చెప్పులు విప్పకుండానే రాస్తున్నాను.

ముహూర్తం పొద్దున. హాలు బాగుంది. చీరల మధ్య నుంచి వెలుతురు పడుతుంటే ఫొటోలు తీసేవాళ్ళు స్టేజీ వదిలి రాలేదు. దేవరాజ్ అక్షరాలను సుబ్బరాయుడు గారు వేలితో తాకి చూశారు. "చేత్తో రాసాడా? పూర్వం మా మిల్లు బోర్డు ఇట్టాగే ఉండేది." పెళ్ళికూతురి నాయనమ్మ పున్నమ్మ గారు అరిటాకులు చూసి, ఎన్నాళ్ళకో ఇవాళ ఆకలి వేసిందన్నారు. మొదటి బంతి ఆడవాళ్ళు, పిల్లలు. గ్లాసులు నింపుతూనే ఉన్నారు, తాగుతూనే ఉన్నారు, ఎవరికీ ఏ అనుమానమూ లేదు. మావయ్య భుజం మీద తువ్వాలు భుజం మీదే ఉంది.

రెండో బంతిలో పెద్దలు కూర్చున్నారు. బంతి మొదట సుబ్బరాయుడు గారు. మధ్యలో పెళ్ళికొడుకు తండ్రి తిరుపతిరావు గారు, ఆయనకు మర్యాద చేయడానికి పక్కనే భవానీప్రసాద్ గారు. మావయ్య స్వయంగా జగ్గు పట్టాడు. తిరుపతిరావు గారి గ్లాసు నింపాడు. ఆయన సగం తాగి పెట్టారు. భవానీప్రసాద్ గారి గ్లాసు దగ్గరికి జగ్గు వెళ్ళింది.

"బాటిళ్ళు లేవా?"

"లేవండి. అమ్మాయిగారు వద్దన్నారండి."

"అది సరేలేవయ్యా స్తెఫనూ. ఈ గ్లాసులు ఎవరు కడిగారు?"

గట్టిగా అనలేదు. మామూలుగానే అడిగారు. కానీ బంతి మొత్తానికి వినిపించింది. మావయ్య చేతిలో జగ్గు అలాగే ఆగిపోయింది.

నేను దూకాను. "నేనేనండి! బీఎస్సీ కెమిస్ట్రీ. మూడేళ్ళు టెస్టు ట్యూబులు కడిగిన అనుభవమండి, కావాలంటే సర్టిఫికెట్ తెస్తా!"

నలుగురు నవ్వారు. పెద్ద గండం గట్టెక్కించానని నాకు నేనే లోపల చప్పట్లు కొట్టుకున్నాను. ఇంతలో వెనక తలుపులో నుంచి అత్తయ్య వచ్చింది. చీర కుచ్చెళ్ళు పైకి దోపి ఉన్నాయి, మోచేతుల దాకా తడి.

"అబద్ధమండి. ఈడు ఇంట్లో కాఫీ తాగిన గ్లాసు కూడా కడగడు. నేను కడిగానండి. దేవమణి నా పేరు, ఈయన భార్యని. వేన్నీళ్ళల్లో రెండుసార్లు కడిగా."

నవ్వు ఆగిపోయింది. నా జోకు నేల మీద పడి ఉంది, ఎవరూ తీయలేదు.

తిరుపతిరావు గారు ఆమె వైపు ఒకసారి చూసి, తలాడించి, పప్పన్నం వైపు తిరిగారు.  భవానీప్రసాద్ గారు తన గ్లాసును మెల్లగా బోర్లించారు. అంతే. మర్యాదగానే బోర్లించారు.

మావయ్య చెయ్యి తువ్వాలు మీదికి వెళ్ళింది. తువ్వాలు లేచింది. వెనక తలుపు దగ్గర రత్నబాబు భుజం మీద బాటిళ్ళ కేసుతో ప్రత్యక్షమయ్యాడు.

ఆ సమయంలో నేను వడ్డనలో సాయం చేస్తున్నాను. అంతకు మించి నాకేమీ తెలియదు.

తెలిసింది ఇంతే. కేసు హాలు మధ్యకు వచ్చేసరికి భవానీప్రసాద్ గారికి ఉన్నట్టుండి పొలమారింది. దైవఘటన. మొహం ఎర్రబడింది, కళ్ళలో నీళ్ళు, గాలిలో చేతులు. ఆయన గ్లాసు బోర్లించి ఉంది. చెయ్యి పక్కకు పోయింది, దొరికిన గ్లాసు పట్టుకుంది, ఒక్క గుక్కలో ఖాళీ చేసింది.

"బావగారూ," అన్నారు తిరుపతిరావు గారు, "అది నేను తాగిన గ్లాసండి."

 కడిగిన గ్లాసు వద్దన్న మనిషి ఎంగిలి గ్లాసు ఖాళీ చేసి చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. అదీ వియ్యంకుడి ఎంగిలి, ఛీ అనడానికి కూడా వీల్లేదు.

మొదట నవ్వింది సుబ్బరాయుడు గారే. "పోన్లేరా ప్రసాదూ, చుట్టరికం గట్టిపడింది!" ఇక ఆపేవాళ్ళు లేకపోయారు. తిరుపతిరావు గారైతే ఆకు మీదకు వంగిపోయి నవ్వారు.

భవానీప్రసాద్ గారికి ఇంకా మంట తగ్గలేదు. నవ్వుల మధ్యలోనే, ఎవరి వైపూ చూడకుండా, బోర్లించిన తన గ్లాసును తిప్పి నిలబెట్టి ముందుకు జరిపారు.

మావయ్య చూశాడు. వెంటనే పోయలేదు. ఒక్క క్షణం జగ్గు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత నింపాడు. ఆయన తాగారు. మళ్ళీ నింపాడు. మళ్ళీ తాగారు.

"అన్నా," రత్నబాబు అడిగాడు, "దించమంటారా, ఎక్కించమంటారా? భుజం లాగేస్తంది."

"ఎక్కించు," అన్నాడు మావయ్య. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. చెమట అన్నాడు. హాల్లో ఏసీ ఉంది.

19 మే, సోమవారం

ఆకులు, మిగిలిన కూరలు సుబ్బరాయుడు గారి చేను ఎరువుగుంటలోకి వెళ్ళాయి. పూలు కూడా. హాలు వెనక చెత్త తీసేవాళ్ళు వచ్చి, "ఇంతేనా? పెళ్ళి ఆగిపోయిందా ఏంటి?" అని అడిగారట. బాటిళ్ళు కొన్న చోటికే తిరిగి వెళ్ళాయి, సీలు విప్పకుండా.

తిరుపతిరావు గారు పొద్దున్నే ఫోను చేశారు. వాళ్ళ రెండో అబ్బాయి పెళ్ళికి కూడా మేమే కావాలట, గ్లాసులతో సహా. మావయ్య ఫోను పెట్టేసి అత్తయ్యతో చెప్పాడు, "నువ్వు కూడా రావాలంట. ఆ చెప్పే ఆవిడ ఉండాలన్నాడు." అత్తయ్య మధ్యాహ్నం చేపల పులుసు చేసింది.

ఇప్పుడు హెడ్ హోదాలో నా నివేదిక రాసుకుందామని కూర్చున్నాను. ఆలోచన ఉషశ్రీ గారిది. అద్దె సిద్ధాంతం మావయ్యది. గ్లాసులు కడిగిందీ, కడిగానని చెప్పిందీ అత్తయ్య. బోర్డు దేవరాజ్‌ది. బరువు రత్నబాబుది. కెమిస్ట్రీ జోకుకు ఫలితం లేదు. నా శాఖ పద్దులో రాయడానికి ఏమైనా మిగిలిందా అని చాలాసేపు వెతికాను.

ఒకటుంది. నిన్న రాయలేదు.

భవానీప్రసాద్ గారు గ్లాసు బోర్లించగానే నేను పక్క కుర్రాడి చేతిలో పచ్చడి బకెట్టు లాక్కున్నాను. "ప్రసాద్ గారూ, పండుమిరపకాయ పచ్చడండి, మీ చేలో కాయలేనంట, వేసుకోకపోతే ఎట్టా?" అన్నాను. వియ్యంకుడి ముందు మర్యాద కాదనలేక ఆయన "కొంచెం, కొంచెం" అన్నారు. కొంచెమే వేశాను. ఆయన నెయ్యి వైపు తిరిగినప్పుడు వేడి అన్నం కింద పెట్టింది మాత్రం కొంచెం కాదు.

ఈ మొత్తం కార్యక్రమంలో నేను నిజంగా చేసిన పని అదొక్కటే. తర్వాత ఆ గరిట, ఎవరూ చూడకముందే, నేనే కడిగేశాను.